కత్తి లేదు, కుట్టు లేదు

మా ఇల్లు, ముందు గది,
కిటికీ పక్క మంచం

చెల్లీ,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకు రాస్తున్నానా అనుకుంటావేమో. ఫోన్లో నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను మెత్తబడతాను. ఈసారి మెత్తబడదల్చుకోలేదు.

నిన్న మీ బావ నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. నడుం మళ్లీ పట్టేసిందని నీకు చెప్పలేదు. కటింగ్ బల్ల మీద గుడ్డ తాను పరిచి, చాక్ ముక్కతో గీత గీద్దామని వంగానంతే, నడుంలోంచి మడమ దాకా కాల్చిన తీగ దూర్చినట్టయింది. కత్తెర ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు. బల్ల కాలు పట్టుకుని నేల మీద కూలబడ్డాను. బొత్తాలు కుట్టే అమ్మాయిలు వచ్చి లేపారు. అప్పట్నుంచి కుడి పాదం నా మాట వినడం లేదు. చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

మీ బావ నన్ను కారు వెనక సీట్లో పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య దిండు పెట్టి, గుంతలు తప్పిస్తూ నడుపుతున్నాడు. కూడలి దగ్గర బండి ఆగింది. ఎక్కడిదాకా వచ్చామా అని తల ఎత్తాను. ముందు ఒక బస్సు. దాని వెనక భాగమంతా నా మొహమే. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను. నా పక్కన మీ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పైన ఇంతింత అక్షరాలు: ‘కత్తి లేదు, కుట్టు లేదు. లేచి నడిచింది.’

స్కూలు యూనిఫారాలు కత్తిరించి బతికేదాన్నే నేను. కత్తీ కుట్టూ లేకపోతే నాకు తిండెక్కడిది? అది కూడా తట్టలేదు ఆ మహానుభావుడికి.

ఆ బస్సు ఎటు తిరిగితే మేమూ అటే తిరగాల్సొచ్చింది. ఆసుపత్రి గేటు దాకా నా మొహం నన్ను చూసి నవ్వుతూనే ఉంది. నేను పళ్లు బిగబట్టుకుని దాన్ని చూస్తూ పడుకున్నాను. మీ బావ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. తను నోరు తెరిస్తే నా నోట్లోంచి ఏం వస్తుందో ఆయనకి తెలుసు.

మీ ఇంటికొచ్చి, నడుముకి పటకా, కాళ్లకి తాళ్లు కట్టి లాగే ఆ యంత్రం మీద పడుకున్నది నేనే. కాదనను. లేచి నిలబడ్డానని సంబరపడి ఫొటోకి నవ్విందీ నేనే. గోడకి తగిలించుకుంటాడనుకున్నాను. ఊళ్లు తిప్పుతాడనుకోలేదు. ఆ బొమ్మ తీయించు. నువ్వు అడుగుతావో, అలుగుతావో, నాకు అనవసరం.

అక్క

*

వెన్నునొప్పి నివారణ కేంద్రం,
కార్యాలయపు గది

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం అందినది. ఈ క్రింది విషయములు దయచేసి గమనించగలరు. మా కేంద్రములో చికిత్స పొందిన సమయమున మీరు సంపూర్ణ ఉపశమనము పొందియున్నారు. ఇంటికి వెళ్లిన పిమ్మట బరువులు ఎత్తరాదన్న సూచనను మీరే ఉల్లంఘించియున్నారు. కావున ప్రస్తుత బాధకు కేంద్రము బాధ్యత వహించజాలదు.

ఛాయాచిత్రము మీ అంగీకారముతోనే తీయబడినది. ప్రకటన ఒప్పందమును నడుమ రద్దు చేయుటకు వీలుపడదు. శస్త్రచికిత్స పేరు చెప్పగానే భయపడు ఎందరికో మీ చిత్రము ధైర్యమును ఇచ్చుచున్నది. మీరు మరల వచ్చినచో బంధుత్వమును బట్టి తొలి ప్రాధాన్యముతో చికిత్స చేయబడును.

బావగారికి నమస్కారములు.

ఇట్లు,
మీ చెల్లెలు

*

మా ఇల్లు,
అదే మంచం

చెల్లీ,

‘పొందియున్నారు’ అట. చిన్నప్పుడు నా జడ పట్టుకు లాగి ‘నీ మొహం’ అన్న నోరు కదే నీది? ఆయన వెనకాల నిలబడి చెప్పుంటాడు, నువ్వు బడిలో డిక్టేషన్ రాసినట్టు రాసుంటావు. ‘నడుమ’ దగ్గర సిరా అలికింది. నవ్వొచ్చిందా, ఏడుపొచ్చిందా?

సరే, ఇది ఆయనకే చదివి వినిపించు.

ఆసుపత్రిలో నరాల డాక్టరమ్మ నా కాలు పైకెత్తింది, పాదం నొక్కింది, బొటనవేలు పైకి లేపమంది. లేవలేదు. స్కానింగు తీయించి, వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు ఒకటి పక్కకి పొంగి నరాన్ని అదుముతోందని వేలు పెట్టి చూపించింది. ఇంతకుముందు వైద్యమేమైనా జరిగిందా అని అడిగితే, తాళ్లు కట్టి లాగారని చెప్పాను.

“ఎవరు లాగారమ్మా?” అంది.

మా చెల్లెలి మొగుడని చెప్పడానికి నోరు రాలేదు. తెలిసినవాళ్లన్నాను. లాగినందువల్లే ఇలా అయిందని తను చెప్పలేనంది డాక్టరమ్మ. కానీ పాదంలో తిమ్మిరి ఉన్న మనిషిని పరీక్ష చెయ్యకుండా యంత్రానికి కట్టడం చాలా తప్పంది. ఆవిడ గట్టిగా కూడా అనలేదు. నాకే ఒళ్లు మండిపోయింది.

కోసి తీసెయ్యండి, పీడ విరగడవుతుంది అని నేనే అన్నాను. ఇప్పుడే అక్కర్లేదంది. చాలామందికి ఇది కత్తి పెట్టకుండానే నెమ్మదిగా తగ్గుతుందట. నొప్పికి మాత్రలు, తను చెప్పినంత నడక, నేర్పినంత వ్యాయామం, మధ్యమధ్యలో పాదం బలం చూపించుకోవడం. అయితే పాదం ఇంకా జారినా, రెండు కాళ్లూ బరువెక్కినా, మూత్రం బంద్ అయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, అప్పుడు మాత్రం ఆగకుండా పరుగెత్తుకు రావాలి, అప్పుడు ఆపరేషనే దిక్కు అని మరీ మరీ చెప్పింది.

విన్నావా? కత్తి లేకుండా తగ్గడం మీ ఆయన కనిపెట్టిన విద్యేం కాదు. అది ఉన్నదే. ఎవరికి చాలు, ఎవరికి చాలదు అన్నది చూసి చెప్పడమే విద్య. అది ఆయన దగ్గర లేదు.

అక్క

*

మా ఇల్లు,
వంటగది

అక్కా,

అవును, ఆయనే చెప్పాడు, నేనే రాశాను. ఇప్పుడాయన లోపల ఎవరి నడుమో చూస్తున్నాడు. ఇది నా మాట. కూర్చుని చదువుకో. కూర్చోలేవు కదా, పడుకునే చదువుకో.

నువ్వు మా గడప ఎక్కినప్పుడు ఎలా ఉన్నావో గుర్తుందా? గోడ పట్టుకుని పాకుతూ వచ్చావు. నీకు స్నానం చేయించింది నేను. నీ జడ వేసింది నేను. నువ్వు మంచం దిగలేకపోతే నీ కింద బేసిన్ పెట్టి ఎత్తింది నేను. పొద్దున్నే కేంద్రం తెరవకముందు ఆయన నీ కోసం ముందే లేచేవాడు. ఒక్క రోజు విసుక్కోలేదు. ఫొటోకి నిన్ను ఎవరైనా కట్టేసి నిలబెట్టారా? ‘నా కొత్త కమ్మలు కనబడుతున్నాయా’ అని అడిగింది నువ్వే.

ఇంటికెళ్లిన వారం తిరక్కుండానే తానులు మోశావని బావే చెప్పాడు. అది మాత్రం రాయవు.

మా పెళ్లప్పుడే నువ్వన్నావు, జిమ్ములో బరువులెత్తించేవాడు నీకేం మొగుడే అని. అప్పట్నుంచీ ఆయనలో తప్పు దొరుకుతుందా అని కాచుక్కూర్చున్నావు. ఇప్పుడు దొరికింది. పండగ చేసుకో. గుడ్డ ముక్కని కత్తిరించినట్టు నా బతుకుని కూడా నువ్వే గీత గీసి కత్తిరించాలి, లేకపోతే నీకు తోచదు.

ఆయన అన్నం సరిగా తినడం లేదు. నీ ఉత్తరం చదివి వినిపించాను. లేచి వెళ్లి యంత్రం తుడుచుకుంటూ కూర్చున్నాడు. దొంగ మొహం కాదక్కా అది. ఆయనకి నిజంగానే నమ్మకం.

చెల్లి

*

కుట్టు కార్ఖానా,
కటింగ్ గది మూల

చెల్లీ,

తానులు మోశాను. నిజమే. మోయకపోతే బల్ల మీదికి తానెవరు తెస్తారు, మీ ఆయన యంత్రమా? కానీ నువ్వన్నది అబద్ధం కాదు కాబట్టి ఒప్పుకుంటున్నాను. నువ్వు చేసిన సేవ మర్చిపోలేదు. అది నీది. ఆయన ఖాతాలో వెయ్యను.

ఇన్నాళ్లూ మంచం మీద ఆలోచించడం తప్ప నాకు పనేం ఉంది? మీ ఇంట్లో నాకెందుకు తగ్గింది? బల్ల దగ్గర వంగలేదు. బరువెత్తలేదు. నువ్వు నా చెయ్యి పట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మీ వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరకి నడిపించావు. ఆ నడక వల్ల తగ్గింది. యంత్రం దిగిన ప్రతిసారీ పాదంలో చీమలు పాకేవి. ఆయనతో చెప్పాను. “నరం మేలుకుంటోంది వదినా” అన్నాడు. అప్పుడు నువ్వు గదిలోనే ఉన్నావు. విన్నావా, లేదా? ఈ ఒక్కదానికీ జవాబు రాయి.

ఇక్కడ ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే ఆమెకి నేను డ్రిల్లు టీచరని పేరు పెట్టాను. నవ్వదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పొట్ట లోపలికి బిగించమంటుంది. వదలమంటుంది. మళ్లీ బిగించమంటుంది. ఇంతోటి దానికా ఇంత దూరం వచ్చింది అని మొదట్లో రేగిపోయాను. తర్వాత నడుం కొంచెం పైకి లేపి ఉంచమంది. దిగ్గొట్టిన మేకులాగా ఒక్క చోటే ఉంచి చంపుతోందే అనుకున్నాను. నా కోపమంతా ఆమె మీద చూపించాను. ఆమె చెవిన పెట్టలేదు, కాలు నేరుగా పెట్టండి అంది, అంతే.

ఇప్పుడు బొటనవేలు లేస్తోంది. పూర్తిగా కాదు. కానీ లేస్తోంది.

డాక్టరమ్మ సగం పూట పనికి ఒప్పుకుంది, వంగే పని లేకపోతేనే. అందుకని బల్ల ఎత్తు పెంచమని యజమానిని అడిగాను. ఇంతకుముందు కటింగ్ మాస్టర్లంతా ఈ బల్ల మీదే చేశారన్నాడు. వాళ్లంతా ఇప్పుడెక్కడున్నారని అడిగాను. నా ముందు చేసిన ముసలాయన నడుం వంగిపోయి ఇంట్లో కూర్చున్నాడని ఊరందరికీ తెలుసు. బల్ల లేస్తేగానీ కత్తెర పట్టనని మెట్ల మీద నిలబడ్డాను. కూర్చోవడం నాకు కష్టం కాబట్టి నిలబడ్డాను. మిషన్ల దగ్గరున్న ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచొచ్చారు, వాళ్లకీ కుర్చీల గొడవ ఉంది మరి. సాయంత్రానికి వడ్రంగి వచ్చి బల్ల కాళ్ల కింద చెక్క దిమ్మలు బిగించాడు. ఇప్పుడు నిటారుగా నిలబడి కత్తిరిస్తున్నాను. తానులు తేవడానికి చక్రాల బండి వచ్చింది.

కోపం తగ్గిందనుకోకు. నిలబడే ఓపిక వచ్చాక ఇంకా పెరిగింది.

అక్క

*

కేంద్రం,
ముందు బల్ల

అక్కా,

విన్నాను. చీమలు పాకుతున్నాయని నువ్వన్నావు. నరం మేలుకుంటోందని ఆయనన్నాడు. నేను తువ్వాళ్లు మడత పెడుతున్నాను.

ఇంతకన్నా ఇప్పుడడక్కు. ఇక్కడ జనం పెరిగారు. నీ బొమ్మ చూసే వస్తున్నారు. ‘ఆవిడకి తగ్గింది కదా, నాకూ తగ్గుతుందా’ అని నన్నే అడుగుతారు. నేను వాళ్ల పేరూ వీధీ వరసగా రాసి లోపలికి పంపుతాను.

నీ ఉత్తరాలు ఆయన చించేశాడు. ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలో ఆ డాక్టరమ్మ చెప్పిందే, అది మళ్లీ రాసి పంపు. ఇంటికి పంపకు. ఎదురుగా మందుల షాపు ఉంది కదా, అది నడిపే ఆవిడకి పంపు. నాకిస్తుంది.

చెల్లి

*

మా ఇల్లు,
ముందు గది

చెల్లీ,

ముందు నువ్వడిగింది. రెండు కాళ్లూ బరువెక్కడం. మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారడం. పాదం రోజురోజుకీ జారిపోవడం. వీటిలో ఏది ఉన్నా లాగడాలు, నొక్కడాలు లేవు. వెంటనే ఆసుపత్రి.

నా ఉత్తరాలు చించాడా? మంచిది. ఇది కూడా చింపమను, ఇంకోటి రాస్తాను. నా దగ్గర కాగితాలకి కరువు లేదు.

ఇక అసలు సంగతి. నిన్న సాయంత్రం మీ ఆయన మా ఇంటికొచ్చాడు. వస్తున్నాడని నువ్వు చెప్పలేదు. నీకే తెలియదేమో. వెంట ఒక ఫొటోగ్రాఫరు. నేను కర్ర లేకుండా వీధి చివరిదాకా నడిచి వస్తున్నానని ఎవరో చెప్పారట. గుమ్మంలోనే మొదలుపెట్టాడు, నా నడక చూసి కడుపు నిండిపోయిందని, ఇప్పుడొక్క ఫొటో తీసుకుంటే పాత గొడవలన్నీ పోతాయని. ఆ మనిషి ధైర్యం చూడు.

“వదినా, మీకు ఆపరేషన్ లేకుండానే తగ్గింది కదా. మేం రాసింది కూడా అదే కదా. ఇందులో అబద్ధమేముంది?” అన్నాడు.

“అబద్ధం లేదు. అందులో నువ్వూ లేవు,” అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. వ్యాయామం నేర్పిన మనిషి ఆసుపత్రిలో ఉంది, బల్ల ఎత్తినవాడు వడ్రంగి, నడిపించింది నా చెల్లెలు, ఫొటో కావాలంటే వాళ్లని వరసగా నిలబెట్టి తీసుకోమన్నాను. చెల్లెలి మాట ఎత్తగానే మొహం ముడుచుకున్నాడు. నువ్వు అదివరకులా లేవట, ఈ మధ్య నీ బుర్రలో నేనే ఏదో ఎక్కిస్తున్నానన్నాడు. ఫొటోగ్రాఫరు పాపం నేల చూపులు చూస్తున్నాడు. మీ బావ గేటు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నోటితో అనకపోయినా, దయచేయండి అన్నట్టే ఉంది ఆ నిలబడ్డం.

నీ బుర్రలో ఎవరో ఏదో ఎక్కించాలా? నీకు నీ బుర్ర లేదనే కదా ఆయన ఉద్దేశం. ఇన్నాళ్లూ మీ ఇంట్లో నీకు దక్కిన మర్యాద అదా? అక్కడేం జరుగుతోందే?

అక్క

*

మందుల షాపు,
వెనక గది

అక్కా,

జరిగింది రాస్తాను. మధ్యలో నీ తీర్పులు వద్దు.

రొట్టెల బట్టీలో పిండి బస్తాలు మోసే మనిషిని నిన్న ఇద్దరు చెరో రెక్క పట్టుకుని తెచ్చారు. వెంట భార్య. ఆపరేషనంటే భయపడి బస్సు బొమ్మ చూసి వచ్చామని చెప్పింది. రెండు కాళ్లూ బరువుగా ఉన్నాయని అతనన్నాడు. నేను వరస రాయలేదు. మూత్రం వస్తోందా అని అడిగాను. అందరి ముందూ ఆడమనిషి అలా అడిగేసరికి అతను తల తిప్పుకున్నాడు. పొద్దుట్నుంచీ రాలేదని భార్య చెప్పింది.

అప్పటికే ఆయన బయటికొచ్చి అతన్ని లోపలికి తీసుకెళ్లాడు. నేను వెనకాలే వెళ్లాను. నడుముకి పటకా బిగిస్తున్నాడు. వద్దన్నాను. ఈ మనిషి ఆసుపత్రికి వెళ్లాలన్నాను. ఆయన నా వైపు చూడను కూడా లేదు.

“నీ కుర్చీలో కూర్చో, పో,” అన్నాడు.

అక్కా, నేను కేకలు వెయ్యలేదు. యంత్రం అటు పక్కకి వెళ్లి పటకా విప్పేశాను. ఆయన మళ్లీ బిగించబోతే చెయ్యి అడ్డం పెట్టాను. నా చేతి మీదే బిగించాడు. కావాలని కాదేమో. చూసుకోలేదేమో. ఆ కందిన మచ్చ ఇంకా ఉంది. పేషెంటు భార్య అది చూసి అరిచింది. బయట కూర్చున్నవాళ్లంతా లోపలికొచ్చారు. నేనే అంబులెన్సుకి ఫోన్ చేశాను.

అతనికి అదే రోజు ఆపరేషన్ చేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే జన్మంతా మూత్రానికి గొట్టం పెట్టుకుని బతకాల్సొచ్చేదని డాక్టర్లు చెప్పారట. భార్య ఇవాళ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కత్తి పడకూడదని వచ్చిన మనిషికి కత్తే దిక్కయింది.

ఈ సంగతి ఆయనకి చెప్పాను. అప్పటికైనా ఒక మాట అంటాడేమో, కనీసం కూలబడి తల పట్టుకుంటాడేమో అని నిలబడి చూశాను. “నలుగురిలో నా పరువు తీశావు,” అన్నాడు. ఇవాళ పొద్దున తలుపులు తెరిచి, ఏమీ జరగనట్టు, వెళ్లి కూర్చో, జనం ఆగి ఉన్నారు అన్నాడు. కూర్చుంటాను, కానీ వచ్చిన ప్రతి మనిషినీ నిన్న అడిగిందే అడుగుతాను, డాక్టరుకి చూపించుకోనివాళ్లని లోపలికి పంపనన్నాను. అయితే నీ అవసరం లేదు, మీ అక్క దగ్గరికి పో అన్నాడు. నేను వచ్చి ఈ గదిలో కూర్చున్నాను. ఆయన ఇప్పుడు కూడా యంత్రం నడుపుతూనే ఉన్నాడు. నా కుర్చీలో ఇంకెవర్నో కూర్చోబెట్టాడు.

ఆయన దొంగ కాదు, నమ్మకం ఉన్నవాడని నీకు రాశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకమే నన్ను భయపెడుతోంది. దొంగయితే ఎక్కడో ఒకచోట ఆగేవాడు.

ఇంకో మాట. ప్రతి ఉత్తరంలోనూ ‘మీ ఆయన, మీ ఆయన’ అని రాశావు, నేనే తయారుచేసి ఊరి మీదికి వదిలినట్టు. నాకు కూడా కోపం వస్తుందక్కా. నీకొక్కదానికే వస్తుందని రాసిపెట్టి లేదు.

చెల్లి

*

మా ఇల్లు,
వంటింటి బల్ల

చెల్లీ,

నీ చెయ్యి మీద మచ్చ ఉందని చదివాక ఆ కాగితం మీ బావకి ఇచ్చేసి లోపలికెళ్లాను. ఆయన చదివి, కారు తీసుకురానా అని మాత్రం అడిగాడు.

‘మీ ఆయన’ అన్నందుకు నువ్వు తిట్టింది సబబే. ఆయన్ని తిట్టాలంటే ఆయన ఎదురుగా లేడు, నువ్వు దొరికావు.

నీకు ముందే చెబుతున్నాను, తర్వాత ఎవరి నోటో వినకు. ఆరోగ్య శాఖ ఆఫీసుకి వెళ్లి వాకబు చేశాను. అనుమతి లేకుండా అలాంటి యంత్రం పెట్టి జనాన్ని లాగకూడదట. రాతపూర్వకంగా ఫిర్యాదిస్తే వచ్చి చూస్తామన్నారు. రాసేశాను. పాదంలో తిమ్మిరుందని చెప్పినా నన్ను యంత్రానికి కట్టడం, తగ్గకముందే తగ్గిందని ఊరంతా చాటడం, అన్నీ రాశాను. రొట్టెల బట్టీ మనిషి సంగతి కూడా రాశాను. ఇది నీ ఇంటి మీదే పడుతుంది. కేంద్రం మూతపడొచ్చు. ఆయన మీద కేసవ్వొచ్చు. వద్దని నువ్వన్నా పంపుతాను. ఇప్పుడు, నువ్వు ఇది చదివే వేళకి కూడా, ఆ పటకాల మధ్య ఎవరో ఒకరు పడుకుని ఉంటారు.

నాతో ఇక జన్మలో మాట్లాడనంటే అది నీ ఇష్టం. కానీ ఇంటికి రా. ముందు గది మంచం ఖాళీ చేశాను, నాకిప్పుడు దానితో పని లేదు.

అక్క

*

బస్టాండు,
ఆడవాళ్ల వెయిటింగు గది

అక్కా,

దీన్ని ముందు వెళ్లే బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. నేను తర్వాతి బస్సులో వస్తాను.

ఆ ఫిర్యాదు ఆపు. వద్దని కాదు. బట్టీ మనిషి సంగతి నువ్వెలా రాస్తావు? నువ్వు చూడలేదు. పటకా ఎవరు బిగించారో, వద్దని ఎవరన్నారో, ఆయన ఏమన్నాడో నువ్వు వినలేదు. చదివి రాస్తే ఆఫీసువాళ్లు ఒక్క ప్రశ్నకి పక్కన పడేస్తారు. ఇంకా చాలామంది ఉన్నారు. కాలు ఈడ్చుకుంటూ వచ్చినవాళ్లు, వచ్చినప్పటికన్నా అధ్వాన్నంగా వెళ్లినవాళ్లు. వాళ్ల వరస రాసింది నేను. ఎవరు ఏ వీధిలో ఉంటారో నాకు తెలుసు. కొందరి గుమ్మాలెక్కి అడిగాను కూడా. వాళ్లూ వచ్చి చెబుతామన్నారు.

ఆ గదిలో ఉన్నదాన్ని నేను. నువ్వు రాసింది చింపెయ్. నేనొచ్చి మొదట్నుంచీ రాస్తాను. ముందు నేను సంతకం పెడతాను. నీది నా కింద పెడుదువుగాని.

చెల్లి